లక్షా పద్దెనిమిది వేల నాలుగు వందలు

ఆ అంకె నాది. పన్నెండేళ్ల వయసులో, హిందూపురం బస్టాండు పక్కన, ఒక ఎండాకాలం మధ్యాహ్నం దాన్ని నేను సంపాదించుకున్నాను. ఇంత సూటిగా ఎందుకు మొదలుపెడుతున్నానంటే, ఈ సంగతి మెల్లగా చెప్పబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు మధ్యలో నవ్వేశారు. పెళ్లయిన కొత్తలో మా ఆయన కూడా నవ్వాడు. అందుకే ఈసారి ఎవరూ నవ్వకముందే చెప్పేస్తున్నాను.

మా నాయనకు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ ఉండేది. బూత్ వెనక ఒక గది, ఆ గదిలో బెంగళూరు నుంచి తెప్పించిన మూడు వీడియో గేమ్ మిషన్లు. రెండింటిలో కొట్లాట ఆటలు, మూడో దాంట్లో విమానం ఆట. తెర కింది భాగంలో మన విమానం ఉంటుంది, అది ఎడమకీ కుడికీ మాత్రమే కదులుతుంది. పైన రంగురంగుల పురుగులు వరుసలు కట్టి ఉంటాయి. ఉండుండి మెలికలు తిరుగుతూ మన మీదికి దిగుతాయి. వాటిని కాల్చాలి, అవి వేసే గుండ్లను తప్పించుకోవాలి. మూడు లైఫులు, అవి అయిపోతే ఆట అయిపోయినట్టే. కాలేజీ కుర్రాళ్లు, బస్సు తప్పిపోయినవాళ్లు, పట్టుగూళ్లు అమ్మడానికి తండ్రుల వెంట వచ్చిన పల్లెటూరి పిల్లలు ఆడేవాళ్లు.

వేసవి సెలవుల్లో నాయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతే బూత్‌లో నేను కూర్చునేదాన్ని. మా అన్న నాకంటే మూడేళ్లు పెద్ద, క్రికెట్ బ్యాటు పట్టుకుని పొద్దున పోతే సాయంత్రానికి గానీ కనబడేవాడు కాదు. ఆ ఎండకు ఫోన్ చేసుకోవడానికి గానీ ఆట ఆడడానికి గానీ ఒక్క మనిషీ వచ్చేవాడు కాదు. మిషన్ తలుపు తాళం తీసి లోపలి బటన్ నొక్కితే కాసు వేయకుండానే ఆట మొదలయ్యేది. ఆ తాళంచెవి గల్లాపెట్టెలో ఉండేది, గల్లాపెట్టె నా ముందు ఉండేది. ఇక చెప్పేదేముంది.

అలా మూడు ఎండాకాలాలు ఆడాను. మొదటి ఏడు చెత్తగా ఆడాను. రెండో ఏడు ఏ వరుస ముందు కదులుతుందో, ఏ మూల నుంచి మెలిక తిరుగుతుందో పట్టుబడింది. మూడో ఏడు ఒక మధ్యాహ్నం ఆట ఎంతకూ అయిపోలేదు. స్టేజి మీద స్టేజి వస్తోంది. గొంతు ఎండిపోతోంది, పక్కనే కుండ ఉంది, దాని వైపు తల తిప్పడానికి కూడా లేదు. చివరి విమానం పేలిపోయాక వెనక్కి చూస్తే నాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. తిడతాడనుకున్నాను. నాయన నన్ను చూడనే లేదు, తెర మీది అంకెనే చూస్తున్నాడు.

ఆ గదిలో ఒక గోడకు నల్లరంగు పూసి ఉండేది. ఒక్కో ఆటలో అందరికంటే ఎక్కువ స్కోరు ఎంతో, దాన్ని కొట్టినవాడు ఎవడో నాయన దాని మీద చాక్‌పీసుతో రాసేవాడు. అది చూసి కుర్రాళ్లు పంతాలకు పోయి ఆడేవాళ్లు. అప్పటిదాకా విమానం ఆటకు యాభై రెండు వేలు ఉండేది. నాయన దాన్ని చేత్తో తుడిచి నా అంకె రాశాడు. పక్కన పేరు రాయబోయి, చాక్‌పీసు గోడకు ఆనించి, కాసేపు ఆగాడు. తర్వాత మా అన్న పేరు రాశాడు.

"నేను గదా నాయనా ఆడింది?" అన్నాను.

"నువ్వేలే మే, నాకు తెల్దా? ఆడపిల్ల పేరు బస్టాండు కాడ గోడ మీద ఉంటే దావలో పోయే ప్రతివాడూ చదువుతాడు. అంకె నీదే. పేరు ఊరికే."

మా నాయన చెడ్డవాడు కాదు. ఆ పూట నాకు ఐసు వేసిన ద్రాక్షరసం తాగించాడు. అబద్ధమెందుకు, నేనూ పెద్దగా బాధపడలేదు. అంకె గోడ మీద ఉంది కదా, అది చాలనుకున్నాను. సాయంత్రం వచ్చిన అన్న గోడ చూసి నోరు తెరిచాడు.

"ఇదేంది నాయనా, నేనెప్పుడు కొట్టినా?"

"నువ్వు కాదు, మీ చెల్లెలు కొట్టింది. ఎవరన్నా అడిగితే నువ్వే అని చెప్పు."

అడిగినవాళ్లు ఒకరా ఇద్దరా! ఆ అంకెను కొట్టాలని మడకశిర నుంచి, లేపాక్షి నుంచి కుర్రాళ్లు వచ్చారు. "ఏమప్పా, ఒక్క ఆట ఆడి చూపీ" అని మా అన్నను బతిమాలేవాళ్లు. దానికి నాయన ఒక రూలు కనిపెట్టాడు, అంగడి వాళ్లు గిరాకీతో ఆడకూడదని. అది నిజంగానే వ్యాపార మర్యాదలా వినబడేది, అందరూ ఒప్పుకునేవాళ్లు. మా అన్న చేతులు కట్టుకుని మిషన్ పక్కన నిలబడి, ఆడేవాడిని చూస్తూ చిన్నగా నవ్వేవాడు. ఏమీ తెలియనివాడు అన్నీ తెలిసినట్టు కనబడాలంటే ఆ నవ్వు చాలు. నేను బూత్‌లో ఫోన్ బిల్లులు చింపి ఇస్తూ ఆ నవ్వును చూసేదాన్ని. గాజు తలుపు అవతల నుంచి నేనేం చేయగలను?

అంగడి మూసేదాకా ఆ అంకెను ఎవరూ దాటలేదు. తర్వాత ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి, ఆటలు టీవీల్లోకి వచ్చేశాయి. నాయన మిషన్లను పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు. ఆ వరుస అంగళ్లు పడగొట్టి ఇప్పుడు అక్కడ మూడంతస్తుల మందుల షాపు కట్టారు. మా అన్నకు మాత్రం పేరు మిగిలిపోయింది. పెళ్లిచూపుల్లో కూడా ఎవరో మావయ్య ఈ సంగతి ఎత్తితే, పెళ్లికూతురు వైపు వాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. వీడియో గేమ్ ఆడినందుకు అల్లుడిని మెచ్చుకున్న వాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

మా అన్న ఇప్పుడు పెనుకొండలో ఉంటాడు, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పని. ఒక్కతే కూతురు, డిగ్రీ చదువుతోంది. నాది ధర్మవరం. పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడతాను. నాయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆ మధ్యాహ్నం ఆ గదిలో నేనూ నాయనా తప్ప మూడో మనిషి లేరు.

పోయిన ఏడు ఒకరోజు కొంగు ఒళ్లో పెట్టుకుని కుచ్చులు వేస్తుంటే వాట్సాప్‌లో ఒక పోస్టర్ వచ్చింది. హిందూపురంలో ఇద్దరు కుర్రాళ్లు గేమింగ్ సెంటర్ తెరిచారట. బెంగళూరులో ఎక్కడో మూలనపడిన పాత విమానం ఆట మిషన్ పట్టుకొచ్చి బాగు చేయించి, దాని మీద పోటీ పెడుతున్నారట. పోస్టర్ మధ్యలో ఒక పాత ఫోటో. నలుగురు కుర్రాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని నిలబడ్డారు, వాళ్ల వెనక మా నల్లగోడ. నాయన చేతిరాత స్పష్టంగా కనబడుతోంది. నా అంకె, పక్కన మా అన్న పేరు. కింద ఎర్రక్షరాలతో, 'ఈ రికార్డును కొట్టేదెవరు?'

నా చేతిలో దారం చిక్కుపడింది. ఇన్నేళ్లూ అది ఒక పాత సంగతి, అంతే. ఎప్పుడైనా గుర్తొస్తే కాసేపు మనసు చివుక్కుమనేది, మళ్లీ పనిలో పడేదాన్ని. ఇప్పుడు దాన్ని కళ్ల ముందు చూసేసరికి నాకది కావాలనిపించింది. బహుమతి వద్దు, చప్పట్లు వద్దు. ఆ అంకె నాదని నలుగురికీ తెలియాలి, అంతే. నలభై రెండేళ్ల మనిషికి ఇదేం పిచ్చి అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే పోస్టర్ మీదున్న నంబరుకు ఫోన్ చేశాను.

"పోటీకి పేరియ్యాలంటే యాడ ఇయ్యాలప్పా?"

"ఎవరికక్కా? మీ అబ్బాయికా?"

"నాకే."

"గేమ్‌కి పేర్లు అయిపోయినాయక్కా. లేడీస్‌కి మ్యూజికల్ చైర్స్ పెట్టినాం, ఫ్యామిలీతో రాండి. ప్రైజు కూడా ఉండాది."

"ఆ ఫోటోలో స్కోరు ఎవరిదో తెలుసునా మీకు?"

"తెలీకేమక్కా! ఆ అన్నే మాకు చీఫ్ గెస్టు. ఆయన కూడా ఆడతాండాడు."

అది నాదప్పా అనడానికి నోరు రాలేదు. అన్నా ఏం లాభం? మళ్లీ మ్యూజికల్ చైర్స్‌కే రమ్మంటాడు.

ఆ సాయంత్రమే మా అన్న ఫోన్ చేశాడు. గొంతులో పండగ లేదు, జ్వరం తగిలినవాడిలా మాట్లాడాడు.

"మే, చూసినావా?"

"చూసినాలే. చీఫ్ గెస్టంట గదా."

"నేను కాదు మే, పాప ఇచ్చేసింది పేరు. నాకు ఒగ మాటన్నా చెప్పలేదు. ఫ్రెండ్సందరికీ చెప్పేసింది మా డాడీ ఆడతాడని."

"అయితే నిజం చెప్పు."

"పాపతోనా?"

ఆ ఒక్క మాటలో ఎంత భయముందో విన్నాక నా కోపం సగం దిగింది. మిగతా సగం అలాగే ఉంది. "నువ్వు ఆదివారం ఒగసారి రా మే, నాకు నేర్పియ్యి. పది నిమిషాలు నిలబడితే చాలు. ఆ తర్వాత కండ్లు సరిగా కనపడవని ఏదో ఒగటి చెప్పుకుంటాలే" అన్నాడు.

నా వస్తువు ఎత్తుకుపోయిన మనిషి, దాన్ని ఎలా వాడాలో కూడా నన్నే చెప్పమంటున్నాడు. ఫోన్ పెట్టేసి, పోను పో అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే రైలెక్కి పెనుకొండ పోయాను. ఎందుకు పోయానంటే, లోపల ఒక చిన్న ఆశ ఉంది. నేను నేర్పుతుంటే పాప చూస్తుంది. నాకెలా తెలుసని ఆలోచిస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేకుండా దానికే అర్థమవుతుంది.

పాప తన ల్యాప్‌టాప్‌కు విమానాన్ని తిప్పే స్టిక్ తగిలించి, అలాంటి ఆటే ఒకటి పెట్టి ఇచ్చింది. మా అన్న లుంగీ ఎగ్గట్టి దాని ముందు కూర్చున్నాడు. అంత ఘోరమైన ఆటను నేను ఎప్పుడూ చూడలేదు. విమానం ఎడమకు పోవాలంటే మనిషి మొత్తం ఎడమకు ఒరిగిపోతాడు, చెయ్యి మాత్రం కదలదు. పురుగు దిగుతుంటే "ఓరి నీ" అంటూ కళ్లు మూసుకుంటాడు. విమానం పేలిపోయాక బటన్ టకటకా నొక్కుతాడు.

"అన్నా, మీదికి దిగేదాన్ని చూడొద్దు. రెండో వరుస చూడు. అది కదిలితే నువ్వు ముందే జరగాల."

"చూస్తానే ఉండా గదా మే!"

"యాడ చూస్తాండావు? చచ్చినాక చూస్తాండావు."

వదిన ఉగ్గాని, బజ్జీలు పెట్టి మా ఇద్దరి మీదా జాలిపడి పోయింది. నేను స్టిక్ ముట్టుకోలేదు. ఒకసారి పట్టుకుంటే ఇక వదలనేమోనని భయం. నా చేతికి అన్నీ గుర్తున్నాయనే ధీమా కూడా ఉంది. నోటితోనే అన్నీ చెప్పాను.

అనుకున్నట్టే పాప గుమ్మంలో నిలబడి చూసింది. అనుకున్నట్టే అడిగింది. "అత్తా, నీకెట్ల తెలుసు ఇదంతా?"

మా అన్న తెర మీంచి కళ్లు తిప్పకుండా, "చిన్నప్పుడు అంగట్లో కూర్చునేది గదా, నన్ను చూసి చూసి నేర్చుకునింది" అన్నాడు.

పాప నా వైపు ముచ్చటగా చూసి కాఫీ పెట్టడానికి పోయింది. నాకు లేచి ఆ ల్యాప్‌టాప్ మూసేయాలనిపించింది. మూసి ఏం చెప్పాలి? కన్నతండ్రి గురించి కూతురికి నేనా చెప్పేది? మా అన్న తల దించుకున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. "నోట్లో నుంచి అట్ల వచ్చేసింది మే" అన్నాడు చిన్నగా. ముప్పై ఏళ్లుగా ఒకే పాట పాడిన నోటికి ఇంకేం వస్తుంది? ఆ తర్వాత ఇంకో రెండు ఆదివారాలు కూడా పోయాను. అన్న ఆటలో గోరంత మార్పు రాలేదు.

పోటీ రోజు హిందూపురం గేమింగ్ సెంటర్ కిక్కిరిసిపోయింది. నేను ఇరవై మంది పిల్లలు వస్తారేమో అనుకున్నాను. నూటికి పైగానే వచ్చారు, మా అన్న వయసువాళ్లు చాలామంది. బట్టతలలు, పొట్టలు, చేతుల్లో ఫోన్లు. ఒకప్పుడు మా గదిలో ఆడిన కుర్రాళ్లు వీళ్లే. మా అన్నను చూడగానే "ఏమబ్బా, ఎట్లుండావు!" అంటూ మీద పడ్డారు. నన్ను చూసి ఒకాయన, "బూత్‌లో బిల్లులిచ్చే పాప గదా" అన్నాడు. అదీ నా పరిచయం.

గోడ మీద పెద్ద తెర పెట్టారు, ఆడేవాళ్ల ఆట అందరికీ కనబడేట్టు. ముందు మా అన్నకు శాలువా కప్పారు. ఒక్కొక్కరికి ఒక్క ఆటే. నలుగురైదుగురు ఆడాక ఒక పదేళ్ల పిల్ల పన్నెండు వేలు కొట్టింది. తర్వాత మా అన్నను పిలిచారు. శాలువా తీసేయడం మర్యాద కాదనుకున్నాడో ఏమో, అది కప్పుకునే మిషన్ ముందు నిలబడ్డాడు. నేను వెనకే రెండడుగుల దూరంలో ఉన్నాను. పాప వీడియో తీస్తోంది.

మొదటి విమానం నేను కళ్లార్పేలోగా పోయింది. జనం నవ్వారు, కావాలనే చేశాడనుకున్నారు. రెండోది పోతుంటే నవ్వలేదు. "ఎడమకు, అన్నా, ఎడమకు" అని నేను గొంతు లోపలే అరుస్తున్నాను, నా కుడిచెయ్యి చీర కొంగు కింద దానంతటదే కదులుతోంది. పురుగు దిగే దారి నాకు తెలుసు. అది ఎక్కడ పడుతుందో తెలుసు. అక్కడే నిలబడి ఉన్నాడు మా అన్న. ఆ మనిషి మీద ఎంత కోపమున్నా, ఆ క్షణంలో స్టిక్ లాక్కుని ఆయనను కాపాడాలనిపించింది. కాళ్లు కదలలేదు. మూడోది కూడా పోయింది. నాలుగు వేల రెండు వందలు.

చప్పట్లు కొట్టారు. చావు ఇంట్లో పలకరింపుల్లా ఉన్నాయి అవి. మైకు పట్టుకున్న కుర్రాడు, "వయసు ఎవరినీ వదలదు సార్, అయినా అన్న అన్నే!" అని సర్దబోయాడు. మా అన్న ముఖం నిండా చెమట. పాప వైపు చూశాడు. పాప ఫోన్ కిందికి దించేసింది. అప్పుడు మా అన్న, నేను కలలో కూడా అనుకోని పని చేశాడు. ఆ కుర్రాడి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"ఒగ మాట చెప్పాల. ఆ స్కోరు నేను కొట్టలేదు. ఆడ నిలబడుకోనుండాదే, మా చెల్లెలు, ఆయమ్మి కొట్టింది. మా నాయన గోడ మీద నా పేరు రాసినాడు. ఇన్నేండ్లు నేను నోరు తెరవకుండా సుమ్మనుండిపోతి."

నాకు చెవుల్లో హోరు. కళ్లల్లో నీళ్లు వచ్చేశాయి. ఇక చాలు, ఇంతకంటే ఏమీ వద్దు అనుకున్నాను. మా అన్న మీద ముప్పై ఏళ్ల కోపం ఒక్కసారిగా ఎటు పోయిందో తెలియదు.

అంతలో కుర్రాడు మైకు తీసుకున్నాడు. "చూసినారా సార్! అన్న అంటే ఇట్లుండాల! తాను ఓడిపోయినా చెల్లెలికి పేరిచ్చేస్తాండాడు!"

చప్పట్లు ఈసారి గోడలు అదిరేట్టు మోగాయి. ఈలలు వేశారు. నా పక్కనున్న ఒకామె, "ఎంత మంచి మనిషి, ఇట్లాంటి అన్న ఎవరికుంటాడు చెప్పు?" అంది నాతోనే. మా అన్న "లేదప్పా, నిజంగానే" అంటున్నాడు. మైకు లేదు, ఎవరికీ వినబడలేదు. వినబడినవాళ్లు భుజం తట్టారు.

"చెల్లెమ్మా, మీరు ఒక ఆట ఆడాల్సిందే! పేర్లు అయిపోయినా మీకోసం స్పెషల్!"

పోయాను. పోకుండా ఎలా ఉంటాను? ఇంకేం అక్కర్లేదు, ఒక్క ఆట చాలు. మాటలు ఎవరూ నమ్మరు, అంకె నమ్ముతారు. స్టిక్ మీద చెయ్యి వేశాను.

చెయ్యి వేయగానే తెలిసిపోయింది. మా నాయన మిషన్‌లో స్టిక్ ఎడమకు సరిగా పోయేది కాదు, గట్టిగా తొయ్యాలి. తోసినా సగమే కదిలేది. అందుకని నేను ఎప్పుడూ కుడి మూలలో ఉండి, అవసరమైనప్పుడు మాత్రమే ఎడమకు మొత్తం బలంతో తోసేదాన్ని. నా ఆటంతా ఆ పాడైన స్టిక్ మీద నేర్చిన ఆట. ఈ స్టిక్ బాగు చేయించిన స్టిక్. వేలితో తాకితే చాలు, పరుగెత్తుతోంది. మొదటి పురుగు దిగింది, దాని దారి నాకు తెలుసు, ఎడమకు తోశాను. విమానం నేను అనుకున్న చోట ఆగకుండా అవతలి గోడ దాకా పోయింది, అక్కడ ఇంకో గుండు వచ్చి పడింది. రెండోసారి మెల్లగా తోద్దామనుకున్నాను. మెల్లగా తొయ్యడం ఆ చేతికి తెలియదు. మనసు ముందే పోతోంది, కళ్లు ఆలస్యంగా పోతున్నాయి, చెయ్యి దాని పాత దారిలో అది పోతోంది. మూడో విమానాన్ని అసలు కదపకుండా, ఉన్నచోటి నుంచే కాలుస్తూ కాసేపు నిలబెట్టాను. ఆ కాసేపట్లో వచ్చిన స్కోరే మొత్తం. ఆరు వేల ఎనిమిది వందలు.

"అన్న కంటే చెల్లెలే మేలు!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. మంచి నవ్వే, అందులో ఎగతాళి లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేను కూడా నవ్వాను, ఇంకేం చేయను?

సాయంత్రానికి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఎనభై ఒక్క వేలతో గెలిచాడు. బహుమతి ఇచ్చాక మైకు కుర్రాడు గొంతు పెంచి, "పాత రికార్డు అట్లనే ఉండాది! ఎవరూ కొట్టలేకపోయినారు!" అని చెప్పి, ఫ్రేము కట్టించిన నల్లగోడ ఫోటోను తెచ్చి మా అన్న చేతుల్లో పెట్టాడు. మా అన్న వద్దన్నాడు. వద్దన్నకొద్దీ చప్పట్లు పెరిగాయి. చివరికి తీసుకున్నాడు. తీసుకోక తప్పలేదు, నేనే దగ్గరుండి చూశాను.

తిరుగు రైల్లో ముగ్గురికీ సీట్లు దొరికాయి. పాప కిటికీ పక్కన, మేమిద్దరం దాని ఎదురుగా. న్యూస్‌పేపరు చుట్టిన ఫ్రేము మా అన్న ఒళ్లో ఉంది. పాప ముందుకు వంగి నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, నువ్వేం ఫీల్ కావద్దు. డాడీ అంతే, తనది ఏదన్నా పక్కనోళ్లకి ఇచ్చేస్తాడు. నిన్ను కూడా ఆడిపియ్యాలనే అట్ల చెప్పినాడు."

దాని కళ్లల్లో తండ్రి మీద ఎంత ప్రేమో. ఆ ప్రేమకు అడ్డం పడే హక్కు నాకు లేదు, ఓపిక కూడా లేదు. "అవునే పాపా" అన్నాను. అది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

పెనుకొండ ఇంకో పది నిమిషాలుందనగా మా అన్న గొంతు సవరించుకున్నాడు.

"మే, ఒగ మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు."

"అడుగు."

"ఆ పొద్దు నేను ఆడ లేను గదా. సాయంత్రం వచ్చి గోడ చూసినా, అంతే. నాయన చెప్పినాడని నమ్మినా. నిజంగా నువ్వే కొట్టింటివా?"

ఆయన ముఖంలో కుళ్లు లేదు, కపటం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నాడు. లోకంలో నా మాట నమ్మే మనిషి ఒక్కడే మిగిలాడు, మైకులో నా కోసం చెప్పినవాడూ ఆ ఒక్కడే, ఇప్పుడు వాడే అడుగుతున్నాడు. నేనేం చూపించను? గోడ లేదు, మిషన్ లేదు, నాయన లేడు. చేతులున్నాయి, వాటి సంగతి ఇందాకే ఊరంతా చూసింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఒళ్లు మండిపోయింది.

"నేను కాదులేన్నా" అన్నాను. "నువ్వే కొట్టింటావు, బాగా గుర్తు చేసుకో."

ఎత్తిపొడుపుగానే అన్నాను. మా అన్న ఉలిక్కిపడతాడని, ఛీ అదేం మాట మే అంటాడని, క్షణం పాటు ఎదురుచూశాను. ఆయన ఆ మాట అనలేదు. ఫ్రేము మీది కాగితం ఒక మూల చినిగి నాయన చేతిరాత కొంచెం కనబడుతోంది. దాని వంకే చూస్తూ, నుదురు ముడిచి, నిజంగానే గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాడు. రైలు నెమ్మదించింది. పాప లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

"ఎప్పుడో ఒగసారి ఆడినట్లే ఉండాది మే" అన్నాడు మా అన్న.